ముందే దొరికితే సరిపోతుందా? పీఎస్ఏ, సీఏ 125 పక్కపక్కన

1993లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పీఎల్‌సీఓ అనే భారీ ట్రయల్ మొదలుపెట్టింది. ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, పెద్దపేగు, అండాశయం: ఈ నాలుగు చోట్ల క్యాన్సర్‌ను, ఏ బాధా లేని మనుషుల్లో వెదికి పట్టుకుంటే చావులు తగ్గుతాయా అన్నది ప్రశ్న. 55 నుంచి 74 ఏళ్ల మధ్యవాళ్లు దాదాపు 1,55,000 మంది చేరారు. మగవాళ్లకు ప్రోస్టేట్ కోసం ఏటా పీఎస్ఏ, ఆడవాళ్లకు అండాశయం కోసం ఏటా సీఏ 125. రెండూ చేతి నరంలోంచి తీసిన కాస్త రక్తంతో అయిపోయే పరీక్షలు. మగవాళ్ల ఫలితం 2009లో, ఆడవాళ్ల ఫలితం 2011లో వచ్చాయి. రెండు చోట్లా చావులు తగ్గలేదు.

అక్కడితో రెండింటినీ ఒకే గాటన కట్టేసిన వ్యాసాలు చాలానే వచ్చాయి. "రక్తంతో క్యాన్సర్ పట్టలేం" అని కొందరు, "పాత మార్కర్లు అంతే, కొత్తవి వస్తున్నాయి" అని ఇంకొందరు. రెండు వాదాలూ తొందరపాటువే. ఈ రెండు పరీక్షలూ తప్పిన తీరు ఒకటి కాదు. ఒకటి వెదకనక్కర్లేని జబ్బును కూడా వెదికి తెచ్చింది. రెండోది వెదికి తెచ్చినా చేయగలిగిందేమీ లేకపోయింది. ఆ తేడా పట్టించుకోకుండా ఇవాళ మార్కెట్లోకి వస్తున్న కొత్త రక్తపరీక్షల మంచిచెడ్డలు తూచడం కుదరదు.

ముందు పుట్టుపూర్వోత్తరాలు. పీఎస్ఏ క్యాన్సర్ తయారుచేసే పదార్థం కాదు. ప్రోస్టేట్ గ్రంథి సహజంగా తయారుచేసే ప్రొటీన్, వీర్యాన్ని పలచబరచడం దాని పని. గ్రంథిలో ఏ అలజడి రేగినా అది రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. వయసుతో గ్రంథి ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా, మూత్రానికి గొట్టం వేసినా. 1979లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోస్‌వెల్ పార్క్ శాస్త్రజ్ఞులు దీన్ని శుద్ధిచేసి వేరుచేశారు. అమెరికా ఎఫ్‌డీఏ 1986లో దీనికి అనుమతి ఇచ్చింది, అప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్లను గమనించుకోవడానికి మాత్రమే. జబ్బు వెదకడానికి సాయంగా అనుమతి ఇచ్చింది 1994లో. అప్పటికే ఊరంతా వాడేస్తున్నారు. 1992 వచ్చేసరికి అమెరికాలో కొత్త ప్రోస్టేట్ క్యాన్సర్ల సంఖ్య శిఖరానికి చేరింది. అన్నేళ్లలో మగవాళ్ల ఒంట్లో కొత్తగా మారిందేమీ లేదు, పరీక్ష వచ్చిందంతే.

సీఏ 125 కథ 1981లో బోస్టన్‌లో మొదలైంది. రాబర్ట్ బాస్ట్ బృందం అండాశయ క్యాన్సర్ కణాలను గుర్తుపట్టే యాంటీబాడీ కోసం ఒకదాని తర్వాత ఒకటి పరీక్షిస్తూ పోయింది. 125వది పనికొచ్చింది, ఆ అంకె పేరైంది. 1983లో రక్తంలో కొలిచే పద్ధతి వచ్చింది. మిల్లీలీటరుకు 35 యూనిట్లు దాటితే ఎక్కువ అన్న గీత అప్పటిదే. దీన్ని జనంలోకి తెచ్చింది మాత్రం వైద్యులు కాదు, ఒక నటుడు. హాస్యనటి గిల్డా రాడ్నర్ 1989లో అండాశయ క్యాన్సర్‌తో పోయింది. ఆమె చెప్పిన బాధల్ని డాక్టర్లు చాలాకాలం పట్టించుకోలేదు. భర్త జీన్ వైల్డర్ ఆ కోపంతోనే 1991లో ఒక పత్రికలో రాశాడు, ఆడవాళ్లు సీఏ 125 చేయించుకోవాలని ప్రచారం చేశాడు. దుఃఖం నిజమైనదే. కానీ పరీక్ష ఆమెను కాపాడేదన్న నమ్మకానికి ఆనాటికి ఏ ఆధారమూ లేదు.

ఇక్కడే మొదటి పోలిక. పీఎస్ఏను జనంలోకి తెచ్చింది ఆసుపత్రి. దాన్ని గట్టిగా తిట్టింది, ప్రోస్టేట్ యాంటిజెన్ల మీద 1970లోనే పనిచేసిన రిచర్డ్ ఆబ్లిన్. తన పరిశోధన ఇలా ప్రజల మీద పడుతుందని అనుకోలేదని, ఇది ప్రజారోగ్యానికి పెద్ద నష్టమని 2010లో న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. సీఏ 125ను జనంలోకి తెచ్చింది బాధ. దాన్ని తూచింది ఇరవయ్యేళ్ల ఓపిక. ఆబ్లిన్ రాత చదవడానికి బావుంటుంది, కానీ అంత కోపంలో లెక్క సరిగ్గా కుదరదు. పీఎస్ఏ పనికిరాని పరీక్ష కాదు. అది బాగా పనిచేసే పరీక్ష, మితం తెలియకుండా వాడిన పరీక్ష.

తప్పుడు హెచ్చరికల దగ్గర సీఏ 125 పరిస్థితి ఇంకా కష్టం. నెలసరి సమయంలో పెరుగుతుంది. గర్భంలో పెరుగుతుంది. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లున్నా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా, లివర్ చెడినా పెరుగుతుంది. మన దేశంలో డాక్టర్లకు బాగా తెలిసిన ఇంకో కారణం ఉంది, కడుపులో క్షయ. పొట్టలో నీరు చేరి, బరువు తగ్గి, సీఏ 125 వందల్లోకి వెళ్లిన ఆడమనిషికి క్యాన్సరేనని ఆపరేషన్‌కు దిగి, తీరా బయాప్సీలో టీబీ అని తేలిన ఉదంతాలు మన వైద్య పత్రికల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆరు నెలల మందులతో నయమయ్యే జబ్బుకు పొట్ట కోయించుకోవడం. ఐరోపాలో రాసిన మార్గదర్శకాల్లో ఈ చిక్కు ఒక వాక్యంతో పోతుంది, ఇక్కడ వార్డులో మంచమ్మీద ఉంటుంది.

దీనికి తోడు జబ్బు అరుదు. నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఏ సమయంలో చూసినా 2,500 మందిలో ఒకరికి అండాశయ క్యాన్సర్ ఉంటుందని లెక్క. పదివేల మందిని పరీక్షిస్తే నలుగురు. జబ్బు లేనివాళ్లలో నూటికి 99 మందిని సరిగ్గా వదిలేసే పరీక్ష అయినా, ఆ నలుగురి కోసం నూరుమందిని భయపెడుతుంది. పైగా మొదటి దశలో ఉన్న క్యాన్సర్లలో దాదాపు సగం సీఏ 125ను పెంచనే పెంచవు.

పీఎల్‌సీఓలో ఇదంతా అంకెల్లో కనిపిస్తుంది. 78,216 మంది ఆడవాళ్లు. పరీక్షలు చేసిన వైపు 118 మంది అండాశయ క్యాన్సర్‌తో చనిపోయారు, చేయని వైపు 100 మంది. క్యాన్సర్ లేకపోయినా ఉన్నట్టు తేలినవాళ్లు 3,285 మంది. వాళ్లలో 1,080 మందికి ఆపరేషన్ జరిగింది. ఆ ఆపరేషన్లలో 163 మందికి తీవ్రమైన ఇబ్బందులొచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న 163 మంది. ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగాను.

మగవాళ్ల వైపు ఫలితం చూడ్డానికి ఇలాంటిదే. ఏడేళ్ల నాటికి పరీక్షల వైపు 50 ప్రోస్టేట్ మరణాలు, చేయని వైపు 44. అయితే "చేయని వైపు" అన్న మాటే ఇక్కడ పెళుసు. పీఎస్ఏ చేయకుండా ఉండాల్సిన మగవాళ్లు తమ సొంత డాక్టర్ల దగ్గరికి వెళ్లి చేయించుకుంటూనే ఉన్నారు. వాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఎప్పుడో ఒకప్పుడు ఆ పరీక్ష చేయించుకున్నారని 2016లో తేలింది. అంటే అమెరికా ట్రయల్ పోల్చింది పరీక్షకూ పరీక్ష లేకపోవడానికీ మధ్య కాదు. ఒక పద్ధతి ప్రకారం చేయించుకోవడానికీ ఇష్టమొచ్చినప్పుడు చేయించుకోవడానికీ మధ్య. ఆడవాళ్ల ఫలితం ఓడిందని చెప్పొచ్చు. మగవాళ్ల ఫలితం ఓడిందో గెలిచిందో చెప్పే స్థితిలోనే లేదు.

అందుకే అసలు పోటీ వేరే రెండు ట్రయళ్ల మధ్య పెట్టాలి. పీఎస్ఏ తరఫున ఐరోపా ట్రయల్ ఈఆర్‌ఎస్‌పీసీ, సీఏ 125 తరఫున బ్రిటన్‌లో జరిగిన యూకేసీటాక్స్.

ఐరోపా వాళ్లు ఏడెనిమిది దేశాల్లో 55 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 1,62,000 మందిని తీసుకున్నారు. 2009లో మొదటి పెద్ద ఫలితం: ప్రోస్టేట్ క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. వినడానికి గొప్పగానే ఉంది. అదే కాగితంలో ఇంకో వాక్యం ఉంది. ఒక్క చావు తప్పించడానికి 1,410 మందిని పరీక్షకు పిలవాలి, అదనంగా 48 మందికి క్యాన్సర్ ఉందని చెప్పి వైద్యం చేయాలి. కాలం గడిచేకొద్దీ లెక్క మెరుగుపడింది. 23 ఏళ్ల తర్వాత, 2025లో వచ్చిన నివేదికలో 456 మందిని పిలిస్తే, 12 మందికి జబ్బు బయటపెడితే ఒక చావు తప్పుతోంది. తగ్గుదల 13 శాతం. పిలిచినవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయింది 1.4 శాతం, పిలవనివాళ్లలో 1.6 శాతం. మేలు ఉంది. చిన్నది, కానీ ఉంది. నిదానంగా, దశాబ్దాల మీద బయటపడుతుంది. 75 ఏళ్ల పెద్దాయనకు పీఎస్ఏ రాసే డాక్టర్ ఈ "నిదానంగా" అన్న మాటను ఆలోచించాలి.

బ్రిటన్ ట్రయల్ నా దృష్టిలో వైద్య చరిత్రలో అత్యంత నిజాయితీ గల ఓటమి. ఇయాన్ జేకబ్స్, ఉషా మీనన్ నడిపించారు. 2001 నుంచి 2005 మధ్య ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో 2,02,638 మంది ఆడవాళ్లు చేరారు; కొందరికి రక్తపరీక్ష, కొందరికి స్కానింగ్, మిగతావాళ్లకు ఏమీ లేదు. పాత తప్పుల నుంచి నేర్చుకుని వీళ్లు 35 అన్న గీతను పక్కనపెట్టారు. ఒక్కో మనిషి సీఏ 125 ఏడాదికేడాది ఎలా మారుతోందో చూశారు. 12 నుంచి 24కి ఎక్కినా హెచ్చరికే, ఏళ్ల తరబడి 40 దగ్గర నిలకడగా ఉంటే భయం లేదు. అంకెను చూడకు, నడకను చూడు అన్న ఈ ఆలోచన నిజంగా తెలివైనది. దీనివల్ల అనవసర ఆపరేషన్లు పీఎల్‌సీఓ కంటే బాగా తగ్గాయి.

2015లో మొదటి ఫలితం. రక్తపరీక్ష బృందంలో చావులు 15 శాతం తగ్గినట్టు కనిపించింది కానీ అది యాదృచ్ఛికం కావచ్చునన్న హద్దులోనే ఉంది. చేరేనాటికే జబ్బున్నవాళ్లను తీసేసి చూస్తే 20 శాతం, కాస్త గట్టిగా. ఆ ఏడాది పత్రికలు పండగ చేసుకున్నాయి. అదే లెక్కించే పద్ధతిని ఒక కంపెనీ అమెరికాలో అమ్మకానికి పెట్టింది. 2016లో ఎఫ్‌డీఏ అలాంటి పరీక్షలను నమ్మొద్దని హెచ్చరించాక ఆపేసింది.

పరిశోధకులు మాత్రం ఆగలేదు, ఇంకా ఐదేళ్లు లెక్కపెట్టారు. 2021లో తుది ఫలితం. రక్తపరీక్ష చేసిన బృందంలో మొదటి దశలోనే దొరికిన క్యాన్సర్లు 47 శాతం పెరిగాయి. నాలుగో దశలో దొరికినవి దాదాపు 25 శాతం తగ్గాయి. ఏ స్క్రీనింగ్ ప్రచారమైనా కోరుకునేది ఇంతకంటే ఏముంటుంది? జబ్బు ముందే దొరికింది. మరణాలు? రక్తపరీక్ష వైపు 0.6 శాతం. స్కానింగ్ వైపు 0.6 శాతం. ఏమీ చేయని వైపు 0.6 శాతం.

ఈ మూడు అంకెల్ని గోడమీద రాసుకోవాలి. "ముందే తెలిస్తే బతుకుతాం" అన్న మాటను మనం ఎంత సహజంగా నమ్ముతామంటే, దానికి రుజువు అడగడమే తప్పులా అనిపిస్తుంది. ఒక ఆడమనిషి 70వ ఏట అండాశయ క్యాన్సర్‌తో పోతుందనుకుందాం. 68లో కడుపునొప్పితో జబ్బు బయటపడితే ఆమె రెండేళ్లు బతికినట్టు. 66లో రక్తపరీక్షతో బయటపడితే నాలుగేళ్లు బతికినట్టు. కాగితం మీద ఆయువు రెట్టింపైంది. ఆమె పోయింది మాత్రం అదే 70లో. మధ్యలో రెండేళ్లు ఎక్కువగా కీమో, ఎక్కువగా భయం. అందుకే "ఐదేళ్లు బతికినవారి శాతం" చూపించి పరీక్షను అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది అబద్ధం కాదు. అబద్ధం కంటే పనికొచ్చే సాధనం.

సీఏ 125 ఎందుకు కాపాడలేకపోయింది? ఆ జబ్బు తీరు అలాంటిది. ప్రమాదకరమైన రకం చాలాసార్లు అండాశయంలో కాక ఫెలోపియన్ గొట్టం చివర మొదలవుతుందని ఇప్పుడు తెలుసు. అది గడ్డగా పెరిగి రక్తంలోకి ప్రొటీన్ వదిలే లోపే పొట్టంతా చల్లుకుంటుంది. దీనికి ఇంకో బలమైన సాక్ష్యం ఉంది, స్క్రీనింగ్ చర్చల్లో దాన్ని ఎవరూ సరిగ్గా వాడుకోరని నా ఫిర్యాదు. వైద్యమయ్యాక జబ్బు తగ్గిన ఆడవాళ్లలో క్యాన్సర్ తిరగబెడుతుంటే సీఏ 125 నెలల ముందే పెరుగుతుంది. అలా పెరిగినవాళ్లు 529 మందిని రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి అంకె పెరగగానే మందులు. రెండో బృందానికి బాధలు మొదలయ్యాక. 2010లో ఫలితం వచ్చింది: ముందు మొదలుపెట్టినవాళ్లు సగటున 25.7 నెలలు, ఆగినవాళ్లు 27.1 నెలలు బతికారు. దాదాపు ఐదు నెలల ముందే కీమో మొదలుపెట్టి సాధించిందేమీ లేదు.

ఇప్పుడు దీని పక్కన ప్రోస్టేట్ వైపు ఇలాంటి ట్రయల్‌నే పెట్టండి. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ ట్రయల్. పీఎస్ఏతో క్యాన్సర్ బయటపడిన 1,643 మంది మగవాళ్లు. కొందరికి వెంటనే ఆపరేషన్, కొందరికి రేడియేషన్, కొందరికి ఏమీ చేయకుండా గమనిస్తూ ఉండటం. 15 ఏళ్లకు, 2023లో చూస్తే మూడు వైపులా ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే. ఇక్కడా ముందు వైద్యం చేసినా, ఆగినా చావుల్లో తేడా లేదు.

ఒకే వాక్యం, రెండు వేర్వేరు అర్థాలు. అండాశయం దగ్గర తొందరపడి ప్రయోజనం లేదు, జబ్బు మనకంటే వేగం. ప్రోస్టేట్ దగ్గర తొందరపడే అవసరం లేదు, జబ్బు మనిషి కంటే నిదానం. రెండు మార్కర్లను పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఈ సంగతి తెలియదు.

ఈ తేడా వల్లే పీఎస్ఏకు మరమ్మతు దొరికింది, సీఏ 125కు దొరకలేదు. పీఎస్ఏ ఎక్కువొస్తే ఇప్పుడు మంచి కేంద్రాల్లో నేరుగా సూది గుచ్చరు. ముందు ఎమ్మారై తీస్తారు, అనుమానం ఉన్న చోటే బయాప్సీ చేస్తారు. స్వీడన్‌లోని గోటెబోర్గ్‌లో ఇలా చేస్తే, పట్టించుకోనక్కర్లేని చిన్న క్యాన్సర్లు బయటపడటం సగానికి తగ్గిందని 2022లో తేలింది. బయాప్సీలో నిదానమైన రకం వస్తే కోయకుండా గమనిస్తారు. మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్యం దెబ్బతినడం లాంటి శాశ్వత నష్టాలు తప్పుతాయి. పీఎస్ఏను రక్షించింది రక్తపరీక్షలో వచ్చిన మెరుగు కాదు, రక్తపరీక్ష తర్వాతి మెట్లు. అండాశయానికి అలాంటి మెట్లు లేవు. సూదితో గుచ్చి చూస్తే కణాలు చల్లుకుంటాయన్న భయం. అనుమానం వస్తే తీసేయడమే.

ఈ కొలతతోనే కొత్తవాటిని చూడాలి. ఇప్పుడు అందరి నోటా ఉన్న గ్యాలరీ పరీక్ష రక్తంలో తేలే డీఎన్ఏ ముక్కల మీద రసాయన గుర్తులు చదివి యాభైకి పైగా క్యాన్సర్లను వాసన పడుతుంది. గ్రెయిల్ కంపెనీది, అమెరికాలో ధర 949 డాలర్లు. తప్పుడు హెచ్చరికలు తక్కువ, నూటికి అరశాతం. ఈ ఒక్క విషయంలో ఇది సీఏ 125 కంటే ఎంతో ముందుంది, ఒప్పుకోవాలి. కానీ వాళ్ల అధ్యయనంలోనే మొదటి దశ క్యాన్సర్లలో ఇది పట్టింది 16.8 శాతం. నాలుగో దశలో 90 శాతం. అంటే ఇది అన్నిటికంటే బాగా చూసేది ఆలస్యమైపోయిన జబ్బునే. 6,600 మంది మీద జరిపిన మరో అధ్యయనంలో 92 మందికి హెచ్చరిక వచ్చింది, 35 మందికే క్యాన్సర్ ఉంది. మిగతా 57 మంది, లేని జబ్బు కోసం స్కాన్ గదుల చుట్టూ తిరిగారు.

2021లో ఇంగ్లండ్‌లో మొదలై 1,40,000 మందికి పైగా చేరిన గ్యాలరీ ట్రయల్‌కు మొదటి గెలుపు గుర్తుగా ఏం పెట్టుకున్నారో చూడండి: మూడు, నాలుగు దశల్లో దొరికే క్యాన్సర్లు తగ్గడం. మరణాలు కాదు. మరణాలు లెక్కపెట్టడానికి చాలా ఏళ్లు పడుతుంది, నిజమే. కానీ అదే దేశంలో, అదే ఏడాది, చివరి దశ క్యాన్సర్లు పాతిక శాతం తగ్గినా ఒక్క ప్రాణం కూడా అదనంగా దక్కలేదని రెండు లక్షల మంది ఆడవాళ్లు చూపించారు. ఆ పాఠం పక్కనుండగా ఈ కొలబద్దను ఎంచుకోవడం నాకు మింగుడుపడదు. యాభై క్యాన్సర్లలో కొన్ని ప్రోస్టేట్‌లా నిదానమైనవి, కొన్ని అండాశయంలా వేగమైనవి, కొన్ని మధ్యస్థం. అన్నిటినీ కలిపి "ముందే దొరికాయి" అనడం వల్ల ఏది ఏదో తెలియకుండా పోతుంది.

రక్తం ఎప్పుడూ ఓడిపోతుందని కాదు. హాంకాంగ్‌లో డెన్నిస్ లో అనే శాస్త్రజ్ఞుడి బృందం 20,174 మంది మగవాళ్ల రక్తంలో ఒక వైరస్ డీఎన్ఏ వెదికి 34 మందికి ముక్కు వెనక భాగపు క్యాన్సర్ పట్టింది. నూటికి 71 మందికి అది మొదటి రెండు దశల్లోనే ఉంది. అక్కడ ఆ జబ్బు ఎక్కువ, వైరస్‌తో దాని ముడి గట్టిది, రేడియేషన్‌కు లొంగుతుంది. చైనాలోని షాంఘైలో హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఆరు నెలలకోసారి ఏఎఫ్‌పీ రక్తపరీక్ష, స్కానింగ్ కలిపి చేస్తే లివర్ క్యాన్సర్ చావులు 37 శాతం తగ్గాయి. ఈ రెండు చోట్లా మొదట మనుషుల్ని ఎంచుకున్నారు, తర్వాతే రక్తం తీశారు.

మన దగ్గర జరిగేది తలకిందులు. హైదరాబాద్, విజయవాడ ల్యాబుల ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో సీఏ 125, పీఎస్ఏ, సీఈఏ, ఏఎఫ్‌పీ, సీఏ 19-9 అనే క్యాన్సర్ మార్కర్లు వరసగా ఉంటాయి. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్‌లో బుక్ చేస్తే, తెనాలిలో ఉన్న అమ్మానాన్నల ఇంటికి పొద్దున్నే పరగడుపున రక్తం తీసే కుర్రాడు వస్తాడు. ప్రేమతో కొన్న పరీక్ష కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. 32 ఏళ్ల అమ్మాయికి నెలసరి రోజుల్లో తీసిన రక్తంలో సీఏ 125 48 అని వస్తే రిపోర్టులో దాన్ని బొద్దు అక్షరాల్లో అచ్చువేస్తారు. ఆ అంకె పక్కన నెలసరి ఎప్పుడో అడిగే గడి ఉండదు.

కేంద్ర ప్రభుత్వ క్యాన్సర్ స్క్రీనింగ్ కార్యక్రమంలో 30 ఏళ్లు దాటినవాళ్లకు చూడమన్నవి మూడు: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ఒక్కదానికీ రక్తం అక్కర్లేదు. నోట్లోకి టార్చి వేసి చూడటం, చేత్తో తడిమి చూడటం, ముఖద్వారానికి వెనిగర్ లాంటి పలచటి ఆమ్లం రాసి చూడటం. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 1,31,746 మంది ఆడవాళ్లతో జరిగిన ట్రయల్‌లో, జీవితంలో ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ అనే వైరస్ పరీక్ష గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చావుల్ని దాదాపు సగానికి తగ్గించిందని 2009లో తేలింది. పీఎస్ఏ 23 ఏళ్లలో సాధించిన తగ్గుదల కంటే అది మూడు రెట్లకు పైనే. చాలా ప్యాకేజీల్లో ఆ పరీక్ష మాత్రం ఉండదు. దానికి రక్తం తీసే కుర్రాడు సరిపోడు, తెర చాటున ఒక నర్సమ్మ కావాలి.